గుంట తవ్వించేవాళ్ళూ మనమే, గుంటలో దిగేవాళ్ళూ మనమే
(బ్లాంచర్డ్స్‌టౌన్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)

రాత్రి డ్యూటీ దిగి, కంటిమీద కునుకు లేకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని తెలుసు. అందుకని చుట్టూ తిప్పకుండా సంగతికి వస్తాం. ఇవి మేమిద్దరం, భార్యాభర్తలం, వంటింట్లో కూర్చుని రాసుకున్న మాటలు. చదివే గొంతు ఒకటే అయినా మాట ఇద్దరిదీ.

వేదిక వాళ్ళు మమ్మల్ని ఇట్లా అడిగారు: "ఇల్లు కొనుక్కున్నాక తవ్వకం పని పెట్టుకునేవాళ్ళు మనలో ఎక్కువయ్యారు. పెరట్లో షెడ్డుకి బేస్ అంటారు, వెనక గది పెంచుతాం అంటారు, ముందు రెండో కారుకి చోటు అంటారు. కాంట్రాక్టర్‌ని ఎట్లా చూసుకోవాలో నాలుగు మాటలు చెప్పండి." మాకేదో తెలివి ఉందని అడగలేదు. ఈ పనిలో మేం చేసినన్ని తప్పులు ఇక్కడ ఇంకెవరూ చేసి ఉండరని అడిగారు. కాబట్టి ముందు మా తప్పులే చెప్తాం.

మా పెరట్లో జరిగింది

ఎనిమిదేళ్ళు అద్దెకుండి, గోడౌన్‌లో ఒకరు, నర్సింగ్ హోంలో కేరర్‌గా ఒకరు పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టినట్టు యూరో యూరో కూడబెట్టి డబ్లిన్ 15లో ఒక పాత సెమీ డిటాచ్డ్ ఇల్లు కొన్నాం. ఎండాకాలంలో చూసి కొన్నాం కాబట్టి పెరడు పచ్చగా కనిపించింది. అక్టోబరు వచ్చేసరికి అది వరిమడి అయింది. పిల్లలు కాలు పెడితే బూటు బురదలో ఉండిపోయేది.

మాకు తట్టిన ఉపాయం మన ఊరి ఉపాయమే. ఇంకుడు గుంత. మన దగ్గర 2002లో వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచి ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వించండి అని చెప్పడం వింటూ పెరిగినవాళ్ళమే కదా. పెరడు చివర ఒక పెద్ద గుంట తవ్వి, కంకర పోసి, పైపు పెడితే నీళ్ళన్నీ భూమిలోకి పోతాయి అనుకున్నాం. పనిలో పనిగా షెడ్డుకి ఒక బేస్ కూడా వేయించుకుందాం అనుకున్నాం.

2025 ఫిబ్రవరిలో పక్క వీధిలో ఎవరింట్లోనో పని చేస్తున్న ఒకతను మా తలుపు తట్టాడు. "డిగ్గర్ ఇక్కడే ఉంది, శనివారం వచ్చి చేసేస్తా, 1,800 యూరోలు, క్యాష్" అన్నాడు. అంతకు ముందు ఇంకొకరు 3,900 చెప్పి ఉన్నారు. సగానికి సగం తక్కువ! పేరు రాసుకోలేదు, కంపెనీ ఏదో అడగలేదు, కాగితం అడగలేదు. 900 యూరోలు అడ్వాన్స్ చేతిలో పెట్టాం. ఊళ్ళో మేస్త్రీకి కూడా అంత తేలిగ్గా డబ్బు ఇవ్వం. ఇక్కడ ఎందుకిచ్చామో ఇప్పటికీ అర్థం కాదు.

శనివారం చిన్న డిగ్గర్ వచ్చింది. దాంతోపాటు ఒక కుర్రాడు వచ్చాడు. మమ్మల్ని చూసి, "అన్నా, మీరు తెలుగోళ్ళా?" అన్నాడు. నల్గొండ వైపు ఊరు. మాస్టర్స్ చదవడానికి వచ్చాడు. రోజుకి 70 యూరోలు ఇస్తానంటే వచ్చాడంట. కాళ్ళకి మామూలు స్పోర్ట్స్ బూట్లు. నెత్తిన టోపీ లేదు. మేం టీ ఇచ్చాం, ఇడ్లీ పెట్టాం, మనవాడే వచ్చాడని సంతోషపడ్డాం. ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నానికి గుంట అయిదడుగుల లోతు అయింది. తీసిన మట్టంతా గుంట అంచునే పోశారు. సన్నగా వాన పడుతూనే ఉంది. అడుగున ఏదో పైపు తగిలిందని, చుట్టూ మట్టి పారతో తీయమని ఆ తమ్ముడిని లోపలికి దింపాడు. అయిదు నిమిషాలు కాలేదు. ఒక పక్క గోడ చప్పుడు లేకుండా జారింది. మేం వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. ఇప్పుడున్న మనిషి మరుక్షణం నడుము దగ్గరికి పొట్టివాడైపోయాడు.

తొడల దాకా మట్టి. ఛాతీ దాకా వచ్చి ఉంటే ఈ రోజు ఈ మాటలు వేరేగా ఉండేవి. తడి బంకమట్టి ఒక ఘనపు మీటరు దాదాపు రెండు టన్నులు తూగుతుంది, అంటే ఒక పెద్ద కారంత బరువు. ఛాతీ మీద పడితే ఊపిరి తీసుకోవడానికి పక్కటెముకలు కదలవు. ముఖం బయటే ఉన్నా మనిషి దక్కడు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మేం చేసింది, ఆలోచన లేకుండా మేం కూడా గుంటలో దూకడం. అదీ తప్పే. రెండో గోడ జారి ఉంటే ముగ్గురం అందులోనే ఉండేవాళ్ళం. డిగ్గర్ అతను బకెట్‌తో మట్టి లాగుతానన్నాడు. కాళ్ళు తెగిపోతాయని అరిచి ఆపాం. చేతులతో, చిన్న తట్టతో తీశాం. అరగంట పట్టింది.

ఇక ఇప్పుడు చెప్పేది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. బయటికి తీశాక ఆ తమ్ముడు చీలమండ పట్టుకుని ఏడుస్తూ, "అన్నా, అంబులెన్స్ వద్దన్నా, వీసా పోతది" అన్నాడు. మేం ఫోన్ చేతిలో పట్టుకుని ఒక పది నిమిషాలు చేయలేదు. అతని వీసా గురించే ఆగామని అప్పుడు అనుకున్నాం. నిజానికి మా గురించి కూడా ఆగాం. కాగితం లేదు, రసీదు లేదు, ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలీదు, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆ పది నిమిషాలు మాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తాయి. చివరికి ఫోన్ చేశాం. చీలమండ ఎముక విరిగింది. మూడు నెలలు కుంటాడు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. ఈ మాటలు చెప్పడానికి అతని అనుమతి తీసుకున్నాం. పేరు మాత్రం వద్దన్నాడు.

అంబులెన్స్ వచ్చేలోపే డిగ్గర్ వెళ్ళిపోయింది. ఆ ఫోన్ నంబరు మళ్ళీ మోగలేదు. మాకు మిగిలింది ఒక గుంట, ఒక మట్టి గుట్ట. ఇంకొకటి కూడా. జారిన మట్టితోపాటు కింద ఉన్న మురుగు పైపు విరిగింది. అది మా ఒక్కళ్ళదే కాదు, పక్కింటిది కూడా అందులోనే కలుస్తుంది. ఆదివారం పొద్దున పక్కింటి పెద్దావిడ వచ్చి తన టాయిలెట్‌లోకి నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయని చెప్పింది.

రెండోసారి వచ్చిన మనిషి

ఆ పెద్దావిడ కోప్పడలేదు. "మీకు సరైన మనిషి కావాలి" అని, తన తమ్ముడింట్లో పని చేసిన ఒక కాంట్రాక్టర్ నంబరు ఇచ్చింది. ఇక్కడ ఈ పనిని గ్రౌండ్‌వర్క్స్ అంటారు. మన దగ్గర ఏ మట్టి మిషన్‌నైనా జేసీబీ అన్నట్టు, పెద్దదైతే పొక్లెయిన్ అన్నట్టు, ఇక్కడ అన్నీ డిగ్గర్లే. మనిషిని వెతికేటప్పుడు మాత్రం "గ్రౌండ్‌వర్క్స్ కాంట్రాక్టర్" అని అడగండి.

అతను వచ్చి మేం అడగకముందే మమ్మల్ని ప్రశ్నలు అడిగాడు. ఇల్లు ఏ సంవత్సరం కట్టింది? డ్రాయింగులు ఉన్నాయా? పక్కింటి పైపు ఎటు పోతుంది? పాత యజమాని పెరట్లోకి కరెంటు వైరు లాగాడా? మ్యాన్‌హోల్ మూతలు రెండూ ఎత్తి, ఒకదాంట్లో నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూశాడు. ఇంటి పక్క సందు వెడల్పు టేపుతో కొలిచాడు. టన్నున్నర మినీ డిగ్గర్ దూరాలంటే దాదాపు మీటరు సందు కావాలి. వరస ఇళ్ళలో మధ్య ఇల్లయితే మిషనే రాదు, మట్టంతా ఇంట్లోంచే మోయాలి. ధర అక్కడే మారిపోతుంది.

తర్వాత పారతో చిన్న గుంట తవ్వి, నీళ్ళు నింపి, "రేపు వస్తా" అన్నాడు. మర్నాడు వచ్చి చూస్తే నీళ్ళు పోసినంతా పోసినట్టే ఉన్నాయి. "ఇది డబ్లిన్ బౌల్డర్ క్లే. మంచు యుగంలో హిమానీనదాలు నూరి, నొక్కి పెట్టిన బంకమట్టి. ఇందులో నీళ్ళు ఇంకవు. ఇక్కడ ఇంకుడు గుంత అంటే నీళ్ళ తొట్టి కట్టుకున్నట్టే" అని చెప్పాడు.

అన్నలారా, అక్కలారా, ఒక్కసారి ఆలోచించండి. ఆ గుంట అసలు తవ్వాల్సిన పనే లేదు. ఆ తమ్ముడి కాలు విరిగింది ఒక అక్కర్లేని గుంటలో. మన ఊళ్ళో ఎండిన నేల, వాన నీళ్ళని పట్టి దాచుకోవాలి. అక్కడ ఇంకుడు గుంత పుణ్యం. ఇక్కడ నేల ఇప్పటికే తాగి తాగి ఉంది. తెలిసిన మనిషిని ముందు అడిగి ఉంటే ఒక బక్కెట్ నీళ్ళతో తేలిపోయేది.

అతను చివరికి లోతుగా ఏమీ తవ్వలేదు. విరిగిన పైపు మార్చాడు. పాత గుంటలోకి మనిషి దిగాల్సి వచ్చినప్పుడు పక్క గోడలు వాలుగా కోసి, అంచున మట్టి లేకుండా దూరంగా పోసి, అప్పుడే దిగనిచ్చాడు. పెరడు మట్టాన్ని కొంచెం పెంచి, పాత వాన నీళ్ళ గల్లీ వైపు వాలు పెట్టాడు. వాన నీళ్ళని మురుగు పైపులో కలపకూడదని, రెంటికీ వేరువేరు లైన్లు ఉన్నాయని చూపించాడు. అన్నీ కలిపి 3,400 యూరోలు, వ్యాట్‌తో, రసీదుతో. పోయిన 900 వేరే లెక్క.

నేల కింద ఏముందో ముందు తెలుసుకోవాలి

ఇక మేం నేర్చుకున్నవి వరసగా చెప్తాం.

మొదటిది, మ్యాపులు. గ్యాస్ లైన్ల మ్యాపు గ్యాస్ నెట్‌వర్క్స్ ఐర్లండ్ ఇస్తుంది, "డయల్ బిఫోర్ యూ డిగ్" అని వాళ్ళకో సేవ ఉంది. కరెంటు కేబుళ్ళ మ్యాపు ఈఎస్‌బీ నెట్‌వర్క్స్ ఇస్తుంది. నీళ్ళు, మురుగు లైన్లు ఉయిస్కా ఏరన్ వాళ్ళవి. పబ్లిక్ మురుగు లైను మీద గానీ, దానికి దగ్గరగా గానీ గది కట్టాలంటే వాళ్ళతో ముందు ఒప్పందం ఉండాలి. మన దేశంలో కూడా 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యూ డిగ్" అని ఇట్లాంటిదే ఒక యాప్ మొదలుపెట్టారు. అంటే ఇది ప్రపంచమంతా ఉన్న బాధే.

మ్యాపు ఉందని నిశ్చింతగా ఉండొద్దు. వీధిలోని పెద్ద లైను మ్యాపులో ఉంటుంది గానీ అక్కడి నుంచి మీ మీటరుకి వచ్చే చిన్న పైపు, తీగ చాలాసార్లు అందులో ఉండవు. మీటరు దాటాక పాత యజమాని షెడ్డుకి లాక్కున్న వైరు ఏ మ్యాపులోనూ ఉండదు. అందుకే మంచి కాంట్రాక్టర్ క్యాట్ స్కానర్ తెస్తాడు. అది కరెంటు ఉన్న కేబుల్‌ని పడుతుంది. ప్లాస్టిక్ పైపుని పట్టదు. కాబట్టి అనుమానం ఉన్నచోట పారతో చేత్తో తవ్వి చూశాకే మిషన్ దించాలి. పసుపు పచ్చ పైపు కనిపిస్తే గ్యాస్, నీలం అయితే నీళ్ళు, ఎర్ర పైపు అయితే లోపల కరెంటు. గ్యాస్ పైపుకి బకెట్ పన్ను గీత పడినా సరే, మూసేసి మట్టి కప్పొద్దు. దూరం జరిగి, స్విచ్చులు ముట్టుకోకుండా ఫోన్ చేయాలి. నంబర్లు చివర ఇచ్చాం.

గుంట గోడను నమ్మొద్దు

రెండోది, లోతు. ఇక్కడి పనివాళ్ళ నోట 1.25 మీటర్ల మాట వినిపిస్తుంది. దాదాపు నాలుగడుగులు. అంతకు మించితే మనిషి దిగే ముందు గోడలకు ఊతం గానీ, వాలు గానీ లేకుండా కుదరదు. అయితే అంతకన్నా తక్కువ లోతులో కూడా, వంగి పనిచేస్తున్నవాడి మీద మట్టి పడితే ప్రాణం పోతుంది. "ఈ మట్టి గట్టిది, నిన్నటి నుంచి నిలబడే ఉంది" అనే మాట నమ్మొద్దు. బంకమట్టి నిలబడినంతసేపూ గోడలాగే నిలబడుతుంది, జారేటప్పుడు చెప్పి జారదు.

రాత్రికి గుంట తెరిచి ఉంచాల్సి వస్తే చుట్టూ కంచె, పైన మూత. మన దగ్గర వదిలేసిన బోరు గుంటల్లో పసిపిల్లలు పడిపోయిన వార్తలు చూసి గుండె పట్టుకున్నవాళ్ళమే కదా. పెరట్లో మన పిల్లలే ఆడుకుంటారు.

మూడోది, చట్టం. 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నిర్మాణ భద్రతా నియమాల ప్రకారం సొంత ఇంటికి పని పెట్టుకున్న మనం కూడా "క్లయింట్" కిందికే వస్తాం. పని తెలిసిన సమర్థుణ్ణే పెట్టాలి. ఒకరి కన్నా ఎక్కువ కాంట్రాక్టర్లు ఉన్నా, మట్టి కూలి మనిషి కూరుకుపోయే లాంటి ప్రత్యేక ప్రమాదం ఉన్నా, డిజైన్ దశకి ఒకరిని, పని దశకి ఒకరిని భద్రత చూసే సూపర్‌వైజర్లుగా రాతపూర్వకంగా నియమించాలి. "నాకేం తెలుసు, కాంట్రాక్టరే చూసుకోవాలి" అంటే చెల్లదు. మేం ఆ మాటే అనుకున్నాం.

కాంట్రాక్టర్‌ని ఏం అడగాలి

అడగడానికి మొహమాటపడొద్దు. మంచివాడికి కోపం రాదు. ఎవరికి కోపం వచ్చిందో అతనికి మన పెరట్లో పని లేదు.

సైట్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ సేఫ్ పాస్ కార్డు ఉండాలి. ఒక రోజు శిక్షణ, నాలుగేళ్ళు చెల్లుతుంది. డిగ్గర్ నడిపేవాడికి ఆ మిషన్‌కి సంబంధించిన సీఎస్‌సీఎస్ కార్డు ఉండాలి. రెండూ చేత్తో పట్టుకుని, ఫొటో, తేదీ చూడండి.

ఇన్సూరెన్స్ రెండు రకాలు అడగండి. పక్కింటికి, మనకి నష్టం జరిగితే పబ్లిక్ లయబిలిటీ. అతని కింద పనిచేసేవాళ్ళకి దెబ్బ తగిలితే ఎంప్లాయర్స్ లయబిలిటీ. రెండోది మనవాళ్ళు ఎవరూ అడగరు. అది ఆ గుంటలో దిగే తమ్ముడి కోసం. మీ సొంత ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా పని మొదలుకాకముందే ఒక మాట చెప్పండి.

మట్టి ఎక్కడికి పోతుందో అడగండి. చిన్న లెక్క చెప్తాం. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, అడుగు లోతు తవ్వితే దాదాపు ఏడు ఘనపు మీటర్లు. తవ్విన మట్టి ఉబ్బుతుంది. అది తొమ్మిది దాకా అవుతుంది. ఎనిమిది గజాల స్కిప్‌లో పట్టేది ఆరు. అంటే ఒక స్కిప్ చాలదు. వీధిలో స్కిప్ పెట్టాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి. లారీ మీద తోలితే అతనికి నేషనల్ వేస్ట్ కలెక్షన్ పర్మిట్ ఆఫీసు ఇచ్చిన పర్మిట్ నంబరు ఉండాలి. ఏ పొలం గట్టునో పడేసి పోతే, ఆ మట్టి ఎవరిదని వెతుక్కుంటూ మన ఇంటికే వస్తారు.

లోపలికి వచ్చే కంకర గురించి ఇంకా గట్టిగా అడగండి. మన డబ్లిన్ 15 వాళ్ళకి ఇది పాత గాయం. నేల పలకల కింద పోసిన కంకరలో పైరైట్ అనే ఖనిజం ఉండి, గాలి, తడి తగిలి ఉబ్బి, ఇళ్ళలో నేలలు లేచి, గోడలు పగిలాయి. 1997 నుంచి 2013 మధ్య కట్టిన ఇళ్ళ కోసం ప్రభుత్వం 2013లో చట్టం చేసి, పైరైట్ రిజల్యూషన్ బోర్డు పెట్టి మరమ్మతులు చేయించాల్సి వచ్చింది. మరమ్మతు అంటే ఇంట్లో నేలంతా తవ్వి, కంకర బయటికి తీసి, మళ్ళీ పోయడం. కాబట్టి కంకర ఏ క్వారీదో డెలివరీ చీటీ తీసుకోండి, ఎస్ఆర్ 21 ప్రమాణానికి సరిపోతుందని రాతలో తీసుకోండి, దాచుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు లాయరు అదే అడుగుతాడు.

కాగితం మీద ఏం ఉండాలంటే: ఎంత పొడవు, ఎంత లోతు, మట్టి తీసుకెళ్ళే ఖర్చు అందులో ఉందా, లోడుకి ఇంతనా, పైపు విరిగితే ఎవరిది, వాన పడితే ఎన్నాళ్ళు, పచ్చిక మళ్ళీ ఎవరు వేస్తారు. ముఖ్యంగా, రాయి తగిలితే ఏం చేస్తారు. ఇది చిన్న సంగతి అనుకోకండి. ఇక్కడికి దగ్గర్లోనే కాసిల్‌నాక్, క్లోన్‌సిల్లా మధ్య రాయల్ కెనాల్ గట్టు మీద నడిచే ఉంటారు. అక్కడ కాలువ లోయలాగా లోతుగా ఉంటుంది, డీప్ సింకింగ్ అంటారు. 1790లో మొదలైన ఆ కాలువకి అక్కడ గట్టి సున్నపురాయి తగిలింది. మందుగుండు పెట్టి పేల్చుకుంటూ పోవాల్సి వచ్చింది. ఖర్చు చెయ్యి దాటింది. కాలువ షానన్ నది దాకా చేరేసరికి 1817 అయింది, ఈలోపు ఆ కంపెనీయే మునిగిపోయింది. కంపెనీలకే ముందు తెలియలేదు, మనమెంత. అందుకని రాయి తగిలితే రేటు ఎంతో ముందే రాయించుకోండి.

డబ్బు విడతలుగా ఇవ్వండి. అడ్వాన్స్ తక్కువ, పని చూసి మిగతాది, ఆఖరి విడత అంతా శుభ్రం చేశాక. బ్యాంకు ద్వారా. ఈ పనికి వ్యాట్ సాధారణంగా 13.5 శాతం. "క్యాష్ ఇస్తే వ్యాట్ ఉండదు" అన్నాడంటే రసీదు ఉండదని, రసీదు లేకపోతే గొడవ వచ్చినప్పుడు మన దగ్గర ఏమీ ఉండదని అర్థం. ఇంటి గుమ్మంలో కుదిరిన ఒప్పందానికి సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. పని పాడు చేస్తే, 2,000 యూరోల లోపు అయితే స్మాల్ క్లెయిమ్స్‌లో 25 యూరోల ఫీజుతో లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. మేం వేయలేకపోయాం. ఎవరి మీద వేయాలి? పేరే తెలీదు.

అనుమతుల మాట రెండు ముక్కల్లో. ఇంటి వెనక 40 చదరపు మీటర్ల లోపు పెంచుకుంటే, వెనక ఇంకా 25 చదరపు మీటర్ల ఖాళీ మిగిలితే, మామూలుగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. ఇంకొన్ని షరతులు కూడా ఉన్నాయి. ముందు తోటని 25 చదరపు మీటర్లు గానీ, సగం కన్నా ఎక్కువ గానీ చదును చేస్తే, వాన నీళ్ళు నేలలోకి ఇంకేలా వేయాలి. ఫుట్‌పాత్ అంచు దించాలంటే కౌన్సిల్‌ని అడగాలి. నియమాలు మారుతుంటాయి. గ్రోవ్ రోడ్డులో ఫింగాల్ కౌన్సిల్ ఆఫీసు మనకి నడిచే దూరం. మొదలుపెట్టే ముందు ఒకసారి వెళ్ళి అడగండి. అద్దెకుండేవాళ్ళయితే ఓనర్ రాత లేకుండా పార కూడా పట్టొద్దు.

గుంటలో దిగే తమ్ముళ్ళకి

ఇప్పటిదాకా ఇల్లున్నవాళ్ళతో మాట్లాడాం. ఇక వెనక వరసల్లో కూర్చున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి.

మట్టి పని తక్కువ పని కాదు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి కాలువలు, ఆనకట్టలు తవ్వారు. మన వడ్డెర వాళ్ళు తరతరాలుగా బావులు తవ్వారు, రాళ్ళు కొట్టారు. ఇదే ఐర్లండ్ నుంచి వేలమంది ఇంగ్లండ్ పోయి అక్కడి కాలువలు, రైలు దారులు తవ్వారు. వాళ్ళని "నావీ" అనేవాళ్ళు. పరాయి దేశంలో గుంటలో దిగడం అంటే ఏంటో ఈ దేశానికి తెలుసు. ఇక్కడ చట్టాలు గట్టిగా ఉన్నాయి. వాడుకోండి.

2005 నాటి పనిచోటి భద్రతా చట్టం మీ వీసా స్టాంప్ చూసి వర్తించదు. పనిచేసే ప్రతి మనిషికీ వర్తిస్తుంది. ప్రమాదం ఉందని చెప్పినందుకు మిమ్మల్ని శిక్షించకూడదు. స్టాంప్ 2 మీద ఉన్న విద్యార్థులు చదువు రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవు నెలల్లో 40 గంటలు చేయొచ్చు. స్వయం ఉపాధి మాత్రం కుదరదు. కాబట్టి "నువ్వు సొంతంగా వచ్చి చేస్తున్నట్టు, చేతికి డబ్బిస్తా" అన్నవాడు మిమ్మల్ని రెండు రకాలుగా ముంచుతున్నాడు. జీతమూ తక్కువ, హోదాకీ ముప్పు. 2025లో చట్టం చెప్పిన కనీస వేతనం గంటకి 13.50 యూరోలు. ఎనిమిది గంటలకి 108. ఆ తమ్ముడికి చెప్పింది 70.

గోడకి ఊతం లేని గుంటలో "దిగు" అంటే "దిగను" అనండి. దెబ్బ తగిలితే ముందు 112 గానీ 999 గానీ. అంబులెన్స్ వాళ్ళు మీ కాలు చూస్తారు, స్టాంప్ అడగరు. మట్టిలో ఎవరైనా కూరుకుపోతే మీరు దూకొద్దు, మిషన్‌తో లాగొద్దు. ఫోన్ చేసి, అంచు దగ్గర ఎవరూ నిలబడకుండా చూసి, మాట్లాడుతూ ఉండండి.

మా పెరట్లో ఆ రోజు గుంట తవ్వించింది తెలుగువాళ్ళే, గుంటలో ఉన్నదీ తెలుగువాడే. మేం అడగాల్సిన కార్డు అడిగి ఉంటే, చూడాల్సిన కాగితం చూసి ఉంటే, ఆ తమ్ముడు ఆ లోతులో ఉండేవాడు కాదు. 2,100 యూరోలు మిగిలాయని ఆ శనివారం పొద్దున మేం సంతోషపడ్డాం. అది ఎవరి కాలు మీద మిగిలిందో మధ్యాహ్నానికి తెలిసింది.

వేదిక పెద్దలకి ఒక విన్నపం. మన వాళ్ళలో సేఫ్ పాస్ ఉన్నవాళ్ళు, ఇక్కడ సైట్లలో పనిచేస్తున్నవాళ్ళు కొందరున్నారు. ఎవరైనా ఇంట్లో తవ్వకం పెట్టుకుంటే, డబ్బు ఇవ్వకముందు వాళ్ళలో ఒకరు వచ్చి ఆ కాగితాలు చూసి పెట్టేలా ఏర్పాటు చేయండి. టీ, ఇడ్లీ ఖర్చు ఇంటివాళ్ళది. మొదటి ఇంటికి మేం వస్తాం.

కత్తిరించి ఫ్రిజ్ మీద పెట్టుకోవడానికి

తలుపు తట్టి వచ్చినవాడికి ఆ రోజే డబ్బు ఇవ్వొద్దు.
మ్యాపులు తెప్పించావా, స్కానర్ తెస్తున్నావా అని అడగాలి.
సేఫ్ పాస్, సీఎస్‌సీఎస్ కార్డు, రెండు ఇన్సూరెన్సులు చూడాలి.
మట్టి పర్మిట్ నంబరు, కంకర చీటీ దాచాలి.
రాతలో ధర, విడతలు, రాయి తగిలితే రేటు ఉండాలి.
గుంటలో ఎవరు దిగుతారు, గోడలకి ఊతం ఏంటి అని అడగాలి.

ప్రాణాపాయం: 112 లేదా 999
గ్యాస్ వాసన, గ్యాస్ పైపుకి దెబ్బ: 1800 20 50 50
తవ్వకానికి ముందు గ్యాస్ మ్యాపు: 1800 42 77 47
కరెంటు కేబుల్‌కి దెబ్బ, ఈఎస్‌బీ నెట్‌వర్క్స్: 1800 372 999
నీళ్ళు, మురుగు, ఉయిస్కా ఏరన్: 1800 278 278
పనిచోటి భద్రత, హెచ్ఎస్ఏ: 0818 289 389
జీతం, పని హక్కులు, డబ్ల్యూఆర్‌సీ: 0818 80 80 90

రాత్రి డ్యూటీ ఉన్నవాళ్ళు భోంచేసి కాసేపు పడుకోండి. సెలవు.